చెక్కపెట్టెలో చదివిన వాంగ్మూలం

వాగు పొంగి పెద్దగని మునిగిన ఏడు అది. నీళ్ళు తోడి పని మొదలుపెట్టేసరికి పుష్యమాసం అయింది. మాఘంలో, కోటప్పకొండ తిరణాలకు ఇంకా ఐదు రోజులుందనగా, యల్లమంద గనిలో పోయాడు.

పోయిన వారం అక్కడిదాకా చెప్పాను. రాయి పగలగొట్టే మందు పేలేసరికి అతను గట్టెక్కలేదు. తాగి ఉన్నాడు కాబట్టే ఎక్కలేదని గని యజమాని నాగభూషణరావు విచారణలో రాయించాడు. తాగుబోతు పెళ్ళానికి గని గుడిసెల్లో చోటు లేదన్నాడు. యల్లమంద భార్య గురవమ్మ, ఆ మాట కొట్టేసేదాకా గుడిసె కదలనని గడపలో కూచుంది. మందు పేల్చే ముందు గనిలో ఈల వేసేవాణ్ణి నేను. విచారణలో నేను నోరు తెరవలేదని కూడా చెప్పాను.

ఒక సంగతి మాత్రం చెప్పలేదు. ఈ వారం అది దాగదు.

ముందు టీవీ సంగతి.

నాగభూషణరావు బావమరిది త్రికోటేశ్వరరావు కెనడాలో ఉంటాడు. ఆ చలికాలం వచ్చి ఎండాకాలం దాకా ఉన్నాడు. వస్తూ ఒక పెట్టెడు క్యాసెట్లు, వాటిని ఆడించే మిషను తెచ్చాడు. ఆదివారం గనికి సెలవు. మధ్యాహ్నం పూట టీవీని అరుగు మీద పెట్టించి మమ్మల్ని వాకిట్లో కూచోనిచ్చేవాళ్ళు. ఒక క్యాసెట్టు మాత్రం మావాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

అందులో ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఒక టీవీ కంపెనీ. ఆరేడుగురే మనుషులు. ఇప్పుడు వార్తలు చదివినవాడే మీసం అంటించుకుని మంత్రి అవుతాడు. మీసం పీకేసి గౌను తొడుక్కుని వంట నేర్పుతాడు. వంట మాడిపోతుంది. మధ్యలో ప్రకటనలొస్తాయి. అవీ దొంగవే. మాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా జనం కిందపడి నవ్వారు. అప్పటికి ఏడాదిగా అదే అరుగు మీద అసలు టీవీ చూస్తున్నాం. వార్తలు చదివేవాళ్ళు తల ఎప్పుడెత్తుతారో, సేద్యం గురించి చెప్పే ఆఫీసరు ఎన్నిసార్లు దగ్గుతాడో మాకు తెలుసు. పెద్దమనిషి గొంతు సవరించుకునే తీరు ఏ దేశంలోనైనా ఒకటే.

అందులో చుట్ట కాల్చే లావుపాటి మనిషి ఒకడున్నాడు. మిగతావాళ్ళు అతని ఎదుటే అతన్ని వెక్కిరిస్తారు. అతని నడక నడుస్తారు. అతను చుట్ట కొరుకుతూ చూసి చూసి చివరకు నవ్వేస్తాడు.

"ఎవురు బాబూ ఆయన?" అని అంకారావు అడిగాడు. అంకారావు గనిలో రాయి చెక్కేవాడు. ఎవరి గొంతైనా అచ్చు దించేస్తాడు.

"ఆ టీవీ కంపెనీ ఓనరు" అన్నాడు త్రికోటేశ్వరరావు. అంతకు మించి చెప్పలేదు.

గుడిసెలకు తిరిగొచ్చేదాకా అంకారావు నోట అదే మాట.

"చూశావా లింగయ్య మావా? ఓనర్ని మొకం మీదే అంటన్నారు. ఆయన నవ్వుతన్నాడు. పనిలోంచి తియ్యటంలా. అదీ దేశమంటే!"

అది నాటకమన్న అనుమానం మాలో ఒక్కరికీ రాలేదు. మా వీధిలో పగటివేషగాళ్ళు కరణం వేషం కడితే వాడు కరణం కాదని మాకు తెలుసు. రంగు కనపడుతుంది, చెమటకు కారుతుంది. కాని టీవీలో కనపడింది నిజమనే అప్పటికి మా లెక్క. మిగతావాళ్ళు వేషాలు మారుస్తున్నా, ఓనరు మాత్రం నిజం ఓనరే అనుకున్నాం. అతను వేషం మార్చలేదు కదా.

ఆ నమ్మకంతో మేమూ ఒక టీవీ పెట్టాం.

మందుగుండు వచ్చే చెక్కపెట్టెలు విప్పి అంకారావు నిలువెత్తు చట్రం కట్టాడు. ముందు ఖాళీ, వెనక గోనెపట్టా. రెండు సోడామూతలు కొట్టి అవే మీటలన్నాడు. రేకుల షెడ్డు కింద రెండు ఆదివారాలు ఆట నడిచింది. నన్ను వార్తలకు పెట్టారు. నాకు నవ్వు రాదు. మూడు తరగతుల చదువు కాబట్టి కూడబలుక్కుంటూ చదువుతాను. నేను ఒక్కో అక్షరం పట్టుకుంటుంటే జనం ఎందుకు నవ్వుతారో నాకు తెలిసేది కాదు. నవ్వేవాళ్ళు. ఆ రెండు వారాలూ నీళ్ళ ట్యాంకు గురించీ, రేషన్ షాపు గురించీ చదివాం. యజమాని ఊసెత్తలేదు.

మూడో ఆదివారానికి అంకారావు నాగభూషణరావును స్వయంగా వెళ్ళి పిలిచాడు. ఆయనా వస్తానన్నాడు.

ఆ పొద్దున గురవమ్మ షెడ్డు దగ్గరకొచ్చింది.

"మీ ఆటలో ఆ మాట కూడా అనండి" అంది.

"ఏ మాటమ్మా?" అన్నాడు అంకారావు.

"నా మొగుడు తాగలేదని. విచారణలో ఎవురూ అన్లేదు. ఆటలోనన్నా అనండి."

అంకారావు నా వైపు చూశాడు. నేను గోనెపట్టా సర్దుతూ ఉండిపోయాను.

మధ్యాహ్నం రెండు కుర్చీలు ముందు వేశారు. ఒకదాంట్లో నాగభూషణరావు, రెండోదాంట్లో బావమరిది. వెనక మేస్త్రి చిన్నకోటయ్య నిలబడ్డాడు. గుడిసెల జనమంతా షెడ్డు కిందే ఉన్నారు. గురవమ్మ ఒక పక్కన స్తంభానికి ఆనుకుని కూచుంది.

నేను పెట్టెలో కూచుని కాగితం ఎత్తాను.

"ము-ఖ్యాం-శా-లు. గనికి మం-చి-నీ-ళ్ళ ట్యాంకు వస్తుందని పోయినేడు చెప్పిన య-జ-మా-ని-గా-రు, ఈ ఏడు కూడా అదే మాట చెప్పారు. మాట తప్ప-ని మనిషని ప్ర-జ-లు మె-చ్చు-కు-న్నా-రు."

జనం నాగభూషణరావు మొహం చూశారు. ఆయన పెదవి కదిపాడు. అది నవ్వనుకుని అందరూ నవ్వారు.

తర్వాత గనిలో కంకర మోసే దుర్గమ్మ ప్రకటన. రాతిపొడి దోసిట్లో పట్టుకుని మొహానికి రాసుకుంది. "అక్కల్లారా, పౌడరు డబ్బా దేనికి? మా గనిలో పనికి రండి. జుట్టూ కనుబొమలూ కూడా తెల్లగుంటయ్. పది రోజులు ఆగితే దగ్గు ఉచితం!" నాగభూషణరావు ఈసారి పెదవి కదపలేదు. బావమరిది మాత్రం తొడ చరుచుకున్నాడు.

తర్వాత ముఖాముఖి. అంకారావు చొక్కా లోపల గుడ్డలమూట కుక్కుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి నా పక్కన కూచున్నాడు. దించిన గొంతు అచ్చం నాగభూషణరావుదే. గోనెపట్టా వెనక నుంచి వింటే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పలేరు.

"అయ్యా, మీ గనిలో ప్రమాదాలు జరుగుతన్నయ్యా?" అని నేనడిగాను.

"ప్రమాదాలా? మా గనిలో ప్రమాదాలే లేవయ్యా. తాగినోళ్ళు ఉన్నారు, అంతే."

"నిరుడు అంకమ్మ కాలు ఇరిగింది గదా?"

"తాగింది."

"మొన్న మీ ఎద్దు గుంటలో పడింది."

"అదీ తాగింది. నీళ్ళ ట్యాంకు లేదుగా, ఇంకేం తాగుద్ది?"

షెడ్డు దద్దరిల్లింది. చిన్నకోటయ్య కూడా నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. గురవమ్మ నవ్వలేదు. నా వైపే చూస్తోంది.

నా కాగితంలో ఆ తర్వాత వాతావరణం ఉంది. నేను కాగితం చూస్తూనే లేనిది చదివాను.

"తాజా వార్త. యల్లమంద తాగలేదు. తిరణాలకు ప్రభ కట్టుకుని కొండకు పోయే మొక్కుంది. నలభై రోజులుగా చుక్క ముట్టలేదు. మందు పేలే ముందు మూడు ఈలలు వెయ్యాలి. ఆ రోజు రెండే పడ్డయ్. మూడోది పడకుండానే వత్తి అంటించారు."

తడబడకుండా చదవడం నాకు అదే మొదలు. ఎవరో అలవాటు కొద్దీ నవ్వబోయి ఆగిపోయారు. అంకారావు మెల్లగా కళ్ళద్దాలు తీశాడు.

నాగభూషణరావు లేచాడు.

దుర్గమ్మకు భయమేసిందో, ఆటలో ఉండిపోయిందో తెలియదు. పలక తెచ్చి పెట్టె ముందు అడ్డంగా పట్టుకుంది. దాని మీద 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని సుద్దతో రాసి ఉంది. ఒకళ్ళిద్దరు కిసుక్కుమన్నారు. ఆయన ఆ పలక అందుకుని నేల మీద పెట్టి, దాని మీద చెప్పు కాలు పెట్టి ముందుకొచ్చాడు. పలక పగిలింది.

"నన్ను రమ్మని పిలిచిందెవుర్రా?"

"నేనేనయ్యా" అన్నాడు అంకారావు. గొంతు ఇప్పుడు తన సొంతదే. "ఆ కెనడా ఓనరుగారి మాదిరి తమరు కూడా నవ్వుతారని..."

"ఏ కెనడా ఓనరు?"

అంకారావు బావమరిది వైపు తిరిగాడు. "చుట్ట కాల్చే ఆయన బాబూ. తమరేగా చెప్పింది, ఓనరని."

త్రికోటేశ్వరరావు కాసేపు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ఆయనకు నవ్వు ఆగలేదు. "బావా, వీళ్ళు అది నిజమనుకున్నారు! ఒరేయ్ అంకారావూ, ఆయన ఓనరు కాదురా. వేషగాడు. ఓనరు వేషం కట్టాడు. అసలు అట్లాంటి టీవీ కంపెనీయే లేదు. ఊరు కూడా లేదు. అంతా కల్పన. తిట్టించుకోవటానికి వాడికి జీతమిస్తారు."

అంకారావు చేతిలోని కళ్ళద్దాలు మడిచాడు.

"మరి అసలు ఓనరెవురు బాబూ?" అని దుర్గమ్మ అడిగింది.

"అసలు ఓనరు అందులో కనపడడు."

"నేను కనపడతన్నాగా" అన్నాడు నాగభూషణరావు. "ఇటు చూడండి."

ఆయన దగ్గరికొచ్చి అంకారావు చొక్కాలో చెయ్యి పెట్టి గుడ్డలమూట బయటికి లాగాడు. దాన్ని దూరంగా విసరలేదు. అంకారావు ఒళ్ళోనే పెట్టాడు.

"ఇది నా పొట్టంట్రా? చానా బాగా చేశావ్. పట్టుకో. రేపట్నుంచి నీకు దీన్ని మొయ్యటమే పని. గనిలో పని లేదు." ఆ తర్వాత అందరి వైపు తిరిగాడు. "రేకులు నాయి. పెట్టెలు నాయి. మీరు కూచున్న నీడ నాది. నా నీడలో కూచుని నన్నే నవ్వుతన్నారు. నవ్వండి. ఆపారేం?"

నేను పెట్టెలోంచి లేవబోయాను.

"లింగయ్యా, రామాక. ఆడే కూచో. ఇంకో వార్తుంది."

చిన్నకోటయ్యతో ఏదో అన్నాడు. మేస్త్రి ఆఫీసు గదికి పోయి వచ్చేదాకా అందరం అట్లాగే ఉన్నాం. అట్టఫైలు తెచ్చాడు. నాగభూషణరావు అందులోంచి ఒక కాగితం తీసి, చట్రం లోపలికి చెయ్యి చాపి నా చేతిలో పెట్టాడు.

చూడగానే తెలిసింది. ఆ కాగితం నేను ముందెప్పుడూ చదవలేదు. కాని అడుగున ఉన్న సంతకం నాదే.

"చదవయ్యా. గట్టిగా. ఆ చివర గురవమ్మకు కూడా ఇనపడాల."

చదివాను. ఈసారి తడబడుతూనే చదివాను.

"నేను, లిం-గ-య్య, గనిలో ఈల వేయు పనివాడను. ఆ దినమున ని-య-మ-ము ప్రకారం మూడు ఈలలు వేసితిని. మృ-తు-డు యల్లమంద త్రా-గి-యుం-డి, నా ఈలలను లె-క్క-చే-య-క గుంటలోనే ఉం-డె-ను. ఇది నేను చదివి, తె-లు-సు-కొ-ని చేసిన సంతకం."

అక్కడ ఆపాను.

"తరవాత?" అన్నాడు నాగభూషణరావు.

"అయిపోయింది."

"సంతకం చదవలా."

"లింగయ్య" అన్నాను.

గురవమ్మ లేచి వచ్చింది. పెట్టె ముందు నిలబడింది. నేను లోపల, ఆమె బయట. నాగభూషణరావు వైపు ఆమె చూడనే లేదు.

"మావా, నువ్వు నోరు తెరవలేదనే అనుకున్నా ఇన్నాళ్ళూ. భయపడ్డావులే, ముసలోడివి అనుకున్నా. నువ్వు సంతకం పెట్టావా?"

నేను తలూపాను.

"రోజూ నా గుడిసె ముందు నించే పోయావ్. నేను గంజి పోస్తే తాగావ్. ఆయన మొక్కు సంగతి నీకు తెల్సు. ప్రభకు గడలు తెచ్చింది మీరిద్దరేగా?"

"అవును."

"చదువొచ్చు గదా నీకు. మా గుడిసెల్లో కాయితం చదివేది నువ్వొక్కడివే గదా. ఎందుకు చదవలా?"

"మేస్త్రి నిలబడున్నాడు. తొందర పెట్టాడు."

"అంతేనా?"

"అంతే."

ఇంకో కారణం వెతికాను. దొరకలేదు. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. కలం చేతిలో పెట్టి ఇక్కడ అన్నారు, పెట్టాను.

ఆమె చట్రం లోపలికి వంగి నా మొహం మీద ఉమ్మింది. నేను తుడుచుకోలేదు.

"ఆ రోజు జరిగింది చెప్తాను" అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు. "ఒక్కొక్కడు గట్టెక్కగానే నేను ఒక గులకరాయి డబ్బాలో వేస్తాను. పన్నెండు పడితేనే మూడో ఈల. ఆ రోజు పదకొండు పడ్డయ్. పన్నెండోది చేతిలో ఉంది. యల్లమంద మరిచిన ఉలి కోసం వెనక్కి దిగాడు. ఎక్కుతా ఉన్నాడు. నేను చెయ్యి అడ్డంగా ఎత్తాను, ఆగమని. బావమరిదిగారికి పేలుడు చూపించి భోజనానికి పోవాల. అయ్యగారు తల ఊపారు. మేస్త్రి అంటించాడు."

త్రికోటేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. "బావా, నాకీ సంగతి..." అంటూ ఆగాడు.

"నువ్వు కారెక్కు" అన్నాడు నాగభూషణరావు. బావమరిది పోయాడు. తల తిప్పకుండా పోయాడు.

నాగభూషణరావు ఖాళీ అయిన కుర్చీ లాక్కుని పెట్టెకు ఎదురుగా కూచున్నాడు. కోపంగా కూడా మాట్లాడలేదు.

"మంచిది. మూడో ఈల పళ్ళేదంటావ్. ఈల వెయ్యటం ఎవురి పని?"

"నా పని."

"వెయ్యకపోతే తప్పెవురిది? నేను తల ఊపానంటున్నావ్. తల ఊపినట్టు కాయితం యాడుంది? నీ సంతకం ఉన్న కాయితం ఇదుగో ఉంది. ఇది నిజమైతే వాడు తాగుబోతు. ఇది అబద్ధమైతే మనిషిని చంపింది నువ్వు, పైగా ఆఫీసరు ముందు అబద్ధం రాసిచ్చింది కూడా నువ్వే. రెండిట్లో ఏది కావాలో తేల్చుకో. విచారణ ఆఫీసరు రేపటిదాకా గురజాల బంగళాలోనే ఉంటాడు. రేపు పొద్దున ఆరింటికి నా వాకిట్లోకి రా. ఇయ్యాల ఆడింది ఆటేనని, అందులో ఒక్క ముక్క నిజం లేదని రాసిద్దువుగాని. గురవమ్మ గుడిసె రేపు పీకిస్తన్నా."

కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ చిన్నకోటయ్యకు సైగ చేశాడు. నేను లోపల కూచుని ఉండగానే మేస్త్రి చట్రం విప్పించాడు. ఒక్కో చెక్కా తీస్తుంటే జనం నన్ను కాకుండా నేలను చూస్తూ గుడిసెలకు పోయారు. చివరకు నేను ఒట్టి షెడ్డు కింద ముక్కాలిపీట మీద మిగిలాను.

అంకారావు గుడ్డలమూట విప్పి ఎవరి గుడ్డలు వాళ్ళ గుడిసెల్లో ఇచ్చి వచ్చాడు.

"నా పని పోయిందిలే మావా, అదట్టా ఉంచు. నువ్వు రేపు యాడికి పోతావ్?"

నేను ముక్కాలిపీట తిరగేసి పక్కన పెట్టాను.

"ఆ కెనడా ఓనరు నిజం ఓనరని నేను గాని చెప్పకపోతే ఇదంతా జరిగేది కాదు గదా?"

"జరిగేది కాదు. సంతకం అట్టాగే ఉండేది" అన్నాను.

మర్నాడు ఆరింటికి నేను నాగభూషణరావు వాకిట్లోకి పోలేదు. తెల్లారుతుండగానే రోడ్డెక్కి మొదటి బస్సుకు చెయ్యెత్తాను. బస్సులో గురవమ్మ ఉంది. నేనూ వస్తాననుకుందేమో, నాతో కలిసి నిలబడటం ఇష్టం లేక వెనక ఊరిదాకా నడిచిపోయి అక్కడ ఎక్కినట్టుంది. ఆమె ముందు సీటు ఖాళీగా ఉంటే కూచోబోయాను.

"నా కళ్ళకు కనపడమాక" అంది.

వెనక్కిపోయి నిలబడ్డాను. గురజాల దాకా నిలబడే ఉన్నాను.

బంగళా వరండాలో ఆఫీసరు గడ్డం గీసుకుంటున్నాడు. ముందు గురవమ్మతో మాట్లాడాడు. తాగుడు మాట కొట్టెయ్యాలంటే సాక్షి కావాలన్నాడు. ఆమె నన్ను చూపించలేదు. నేనే ముందుకు పోయాను.

"ఇంతకుముందు రాసిచ్చింది అబద్ధమండీ. మళ్ళీ రాసుకోండి."

సబ్బు నురగతోనే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మొదటిది అబద్ధమంటే ముందు కేసు నీ మీదే పడుద్ది. లోపలేస్తారు. తెలుసా?"

"నిన్న చెప్పారండీ."

"ఎవరు?"

"నాగభూషణరావుగారు."

ఆయన మొహం కడుక్కుని వచ్చి గుమాస్తాను పిలిచాడు. నేను చెప్పాను. నా బతుకులో ఒక్కసారిగా అంత మాట్లాడింది లేదు. డబ్బాలో పదకొండు రాళ్ళు చెప్పాను. ఎత్తిన చెయ్యి చెప్పాను. ఊపిన తల చెప్పాను. ఆ తల ఎవరిదో రెండుసార్లు చెప్పాను. గుమాస్తా కలం ఆగకుండా రాసింది. గురవమ్మ మెట్ల మీద వీపు ఇటు పెట్టి కూచుంది. వింటున్నట్టు ఆమె మెడ చూస్తే తెలుస్తోంది.

గుమాస్తా కాగితం నా వైపు తిప్పి, కలం ఇచ్చి, అడుగున వేలు పెట్టాడు. "ఇక్కడ."

"చదవాలండీ" అన్నాను.

"నువ్వు చెప్పిందే గదయ్యా రాసింది. ఆఫీసరుగారికి జీపు టైమవుతోంది."

చదివాను. పైకే, ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను. జీపు డ్రైవరు హారను కొట్టాడు. ఆపలేదు. యల్లమంద తాగలేదని ఉంది. ఈలలు రెండేనని ఉంది. గురవమ్మ మెట్ల మీద నుంచి ఇటు తిరిగింది. ఏడో వరుసకు వచ్చాను. 'మేస్త్రి చి-న్న-కో-ట-య్య తనంతట తానే వత్తి వె-లి-గిం-చె-ను' అని ఉంది. కిందికి చివరి దాకా చదివాను. నాగభూషణరావు పేరు ఎక్కడా లేదు.

కలం మూత పెట్టేశాను. కాగితాన్ని మళ్ళీ ఆఫీసరు వైపు తిప్పి, ఏడో వరుస మీద వేలు పెట్టి, తియ్యకుండా అట్లాగే నిలబడ్డాను.